ఎజ్రా గారి రాయికి సున్నం

నవంబరు ఒకటో తారీఖు, శుక్రవారం. ఉదయం ఆరున్నరకి ఇర్వింగ్‌లో ఇంటి నుంచి బయల్దేరాం, నేనూ, నా మనవరాలు గ్రేసూ. మా అమ్మాయి సుగుణ నర్సు. నైట్ డ్యూటీ దిగి, ఆ బట్టలతోనే మమ్మల్ని డాలస్ బస్టాండులో దింపి, "అమ్మా, అక్కడ ఎవరితోనూ గొడవ పెట్టుకోకు" అని చెప్పి పోయింది. నేనెప్పుడు గొడవ పెట్టుకున్నానో నాకైతే గుర్తు లేదు.

మన చర్చి పత్రికలో ఇంతకు ముందు రాసినవాళ్లు నయాగరా గురించీ న్యూయార్క్ గురించీ రాశారు. నేను వెళ్లింది చూడటానికి ఏమీ లేని ఊరు. అయినా రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. నా చదువు బాపట్ల పక్కన మిషను బడిలో ఐదో తరగతి. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

ఎందుకు వెళ్లామో ముందు చెప్పాలి. గ్రేసు యూనివర్సిటీలో చరిత్ర చదువుతోంది. చివరి ఏడాది ఒక లావాటి పుస్తకం రాసి ఇవ్వాలంట. రాసేది మన వాళ్ల గురించి కాదు. ఎప్పుడో చచ్చిపోయిన ఎజ్రా అనే ఒక దొర గురించి. ఆయన ఈ దేశం పట్టాలెక్కని రోజుల్లో గుర్రపు దళంలో సిపాయి. ఆ కొలువు మానేసి, టెక్సాస్‌లో వాయవ్య మూల మనిషన్నవాడు ఇల్లు కట్టని బీడు భూమిలోకి పెళ్లాం పిల్లలతో వచ్చి, నేలలో గొయ్యి తవ్వి, పైన గడ్డి మట్టి కప్పుకుని కాపురం పెట్టాడు. తర్వాత అదే ఊరయింది.

"ఆయనతో మనకేం సంబంధమే?" అని అడిగాను.

"సంబంధం ఉండాలని రూల్ లేదు అమ్మమ్మా" అంది గ్రేసు.

ఆ ఎజ్రా గారు తన చేత్తో రాసుకున్న డైరీ ఒకటుంది. అది ఆయన మునిమనవరాలు డోరతీ అనే పెద్దావిడ దగ్గరుంది. ఎనభై రెండేళ్లు. ఆవిడ దాన్ని ఎవరికీ చూపించదు. ఆ ఊరి మ్యూజియం వాళ్లడిగినా ఇవ్వలేదు. గ్రేసు ఆర్నెల్లు ఉత్తరాలు రాసింది, ఫోన్లు చేసింది. చివరికి ఆవిడ, "శనివారం మధ్యాహ్నం రెండింటికి రా, ఒక గంట మాట్లాడదాం, చూపిస్తానని మాత్రం మాటివ్వను" అంది. ఆ డైరీ దొరక్కపోతే వేరే విషయం తీసుకోమని ప్రొఫెసరు ముందే చెప్పేశాడు. రెండేళ్లు పడ్డ కష్టం బూడిదలో పోసినట్టే. కాబట్టి ఈ ప్రయాణమంతా ఆ ఒక్క గంట కోసం. పిల్లని ఒంటరిగా పంపడం సుగుణకి ఇష్టం లేదు. నేను కాపలా.

బస్సు ఏడూ నలభై ఐదుకి కదిలింది. కారులో పోదామని గ్రేసు అంటే, బస్సుండగా కారెందుకని నేనే పట్టుబట్టాను. రెండు సీట్లూ కిటికీ వైపు ముందుగా బుక్ చేయించాను. మీరూ అలాగే చేయించండి, అద్దంలోంచి చూడటం తప్ప చేసేదేం ఉండదు. కూడా పులిహోర, ఎండు కారం వేసిన అటుకులు, రెండు సీసాల నీళ్లు పట్టుకెళ్లాం. దారిలో కొనుక్కు తాగే నీళ్లు మన పాల కన్నా ప్రియం.

పదకొండింటికి ఒక ఊళ్లో బస్సు ఆగింది. వెడల్పాటి టోపీ పెట్టుకున్న ముసలాయన ఎక్కి మా వెనక సీట్లో కూర్చున్నాడు. ఎక్కడికని అడిగి, గ్రేసు చెప్పింది విని ఎగిరి గంతేశాడు. "ఎజ్రానా? ఒంటి చేత్తో ఒక దండునే ఆపాడు. మా తాత చెప్పేవాడు" అన్నాడంట. ఆయన పక్కన స్వెట్టరు అల్లుకుంటున్న ఆవిడ తలెత్తకుండానే, "దండు లేదు, పాడూ లేదు. ఆయన గుర్రాలకి లాడాలు కొట్టేవాడు, అంతే" అంది. ఇద్దరూ అరగంట వాదించుకున్నారు. గ్రేసు నా చెవిలో, "ఇద్దరూ రాంగే అమ్మమ్మా" అంది.

"మరి నిజమేంటే?"

"అదే కదా నాకు తెలియంది. డైరీలో ఉంటుంది."

పన్నెండు దాటాక కిటికీలో పత్తి చేలు మొదలయ్యాయి. నేను గుంటూరు జిల్లా దాన్ని, పత్తి చూస్తే నాకు తెలుస్తుంది. కానీ ఆ చేలల్లో మనిషి లేడు. ఒక్క కూలీ లేడు, ఒక్క తలగుడ్డ లేదు. మిషను వచ్చి ఏరుకుపోతుందంట. పోయినప్పుడు రాలిన పత్తి రోడ్డు పక్క ముళ్ల తీగెలకి పట్టి గుడ్డపేలికల్లాగా ఊగుతోంది. బస్సు ఆపితే రెండు దిళ్లకి సరిపడా ఏరేదాన్ని. ఇంత పత్తి ఎవరు వేశారో, ఆ డబ్బు ఎవరు తింటున్నారో నాకు అంతుబట్టలేదు.

నాలుగూ ఇరవైకి బస్సు దిగాం. అక్కణ్నించి గ్రేసు అద్దెకి కారు తీసుకుని గంటంబావు నడిపింది. ఆరింటికి ఊరు చేరాం. ఒక రోడ్డు, ఒక పెట్రోలు బంకు, మూసేసిన సినిమా హాలు. బస చేసింది గుజరాతీ దంపతుల మోటెల్లో. ఆయన్ని అందరూ నవీన్ భాయ్ అంటారు. నన్ను చూడగానే "ఆయియే మాసీజీ" అని హిందీలో పిన్నిని పిలిచినట్టు రమ్మన్నాడు. ఈ ఊళ్లో ఎజ్రా గారంటే ఎవరయ్యా అని గ్రేసు చేత అడిగించాను.

"పెద్ద మనిషి. ఎండాకాలానికి గుర్రం మీద ఆయన విగ్రహం పెడుతున్నారు. జనం వస్తారు, నాకు గదులు నిండుతాయి" అన్నాడు.

"ఏం చేశాడంట?"

"అది నాకు తెలియదు మాసీజీ. గుర్రం మాత్రం చాలా పెద్దది."

గది శుభ్రంగానే ఉంది. దుప్పట్లు మాత్రం నేను మళ్లీ దులిపి వేశాను.

రెండో తారీఖు, శనివారం. పొద్దున్న ఎనిమిదింటికి చాయ్ తాగి, గ్రేసు నన్ను మోటెల్ వెనకే ఉన్న సమాధుల దొడ్డికి తీసుకెళ్లింది. ఎజ్రా గారిది చూపించింది. నిలువుగా పాతిన చలవరాయి. అదీ మాటకే చలవరాయి. పాచి పట్టి నల్లగా ఉంది. అక్షరాలు అరిగిపోయాయి. చుట్టూ మోకాటెత్తు కలుపు. ఒక్క పువ్వు లేదు. ఆ దొడ్డికి అవతల మూల మాత్రం సందడిగా ఉంది. మెక్సికో వాళ్ల కుటుంబాలు వచ్చి సమాధులు తుడిచి, బుట్టలకొద్దీ బంతిపూలు పోస్తున్నారు. కుర్చీలేసుకుని కూర్చుని రొట్టెలు తింటున్నారు. పిల్లలు పరిగెడుతున్నారు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు సమాధుల పండుగ! ప్రయాణం హడావుడిలో నేనే మర్చిపోయాను. మా ఊళ్లో ఆ రోజుకి వారం ముందే సున్నం నానబెడతాం. ఉన్నవాడూ లేనివాడూ కలుపు పీకి, సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగించి ప్రార్థన చేసుకుంటాం. ఎవరూ లేని దిక్కులేని సమాధి ఉంటే దానికీ పక్కవాళ్లు ఒక పూత వేసేస్తారు. ఏదీ నల్లగా మిగలకూడదు. మా ఆయన సమాధికి ఈ పాటికి మా మరిది వేసే ఉంటాడు.

"ఈయనకి ఎవరూ లేరా? డోరతీ గారు ఇదే ఊరు కదే?" అన్నాను.

"ఉన్నారు. ఎందుకు రారో తెలియదు" అంది గ్రేసు. దానికి తొమ్మిదింటికి మ్యూజియంలో పాత పేపర్లు చూసే పనుంది. నన్ను గదిలో కూర్చోమని, హీటరు వేసి, వెళ్లిపోయింది.

గదిలో కూర్చుంటే నాకు తోచలేదు. బయటికొచ్చాను. మోటెల్ ముందు నాలుగు పెద్ద చెట్లున్నాయి. రామోన్ అనే పనివాడు, అరవై ఏళ్లుంటాయి, ఆ చెట్ల మొదళ్లకి బకెట్టులోంచి తెల్లగా పూస్తున్నాడు. వాసన పట్టాను. సున్నమే! పురుగు పట్టకుండా మనం కొబ్బరి చెట్లకి కొట్టినట్టే. ఈ దేశం వచ్చి ఆరేళ్లయింది, మొదటిసారి నాకు తెలిసిన వాసన ముక్కుకి తగిలింది.

అతనికి తెలుగు రాదు, నాకు అతని భాష రాదు, ఇద్దరికీ ఇంగ్లీషు అంతంతమాత్రం. సమాధుల వైపు వేలు చూపించాను. కుంచె పట్టి పూసినట్టు చేసి చూపించాను. చేతులు జోడించాను. అతను నా వంక చూసి, గుండెల మీద శిలువ గుర్తు వేసుకుని, "సీ, సెన్యోరా" అని, అంటే అలాగేనమ్మా అని కాబోలు, సగం బకెట్టు సున్నం, ఒక కుంచె నా చేతికిచ్చాడు. అతను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. వద్దని చెప్పేవాళ్లు కూడా అక్కడ ఎవరూ లేరు.

రెండు గంటలు పట్టింది. చేత్తోనే కలుపు పీకాను. రాయిని చీరె కొంగుతో దులిపాను. ఒక పూత వేసి, కాస్త ఆగి, రెండో పూత వేశాను. ముందూ వెనకా పక్కలూ. చలికి వేళ్లు కొంకర్లు పోయాయి. అవతల మూల నుంచి ఒక మెక్సికో ఆవిడ వచ్చి చూసి, ఏదో అని, దోసెడు బంతిపూలు ఇచ్చి పోయింది. అవి కింద పెట్టాను. ఎజ్రా గారి కోసం, ఆ పేరు బైబిల్లో ఉన్న పేరే కదా అని, కళ్లు మూసుకుని ప్రార్థన చేశాను. లేచి చూసుకుంటే ఆ వరస మొత్తంలో ఆయన రాయి ఒక్కటే పెళ్లికొడుకులాగా ఉంది. చాలా రోజుల తర్వాత ఒక పని చేశానని అనిపించింది.

పదకొండున్నరకి గ్రేసు వచ్చింది. దూరం నుంచే ఆగిపోయింది. చేతిలో కాగితాలు కింద పడ్డాయి.

"అమ్మమ్మా... ఏం చేశావ్?"

"సున్నం కొట్టాను. ఇవాళ సమాధుల పండుగ."

"ఓ మై గాడ్. అమ్మమ్మా, అది టచ్ చేయకూడదు! అది ఓల్డ్ మార్బుల్! పర్మిషన్ లేకుండా ఎవరూ... పేరు కూడా కనపడటం లేదు! డోరతీ గారు చూస్తే ఇంక నాతో మాట్లాడుతుందా?" అని అక్కడే గడ్డిలో కూర్చుని ఏడ్చింది.

నాకు అర్థం కాలేదు. పాచి పట్టి నల్లగా ఉంటే తప్పు కాదు, తెల్లగా చేస్తే తప్పా? వాళ్ల వాళ్లు రాకపోవడం తప్పు కాదు, పరాయి దాన్ని నేను వచ్చి చేస్తే తప్పా? నోటి దాకా వచ్చింది. కానీ పిల్ల ఏడుస్తుంటే, ఆ మాట మింగి, కింద పడ్డ కాగితాలు ఏరాను. రెండేళ్ల కష్టం అని సుగుణ చెప్పింది గుర్తొచ్చింది. ఆ కష్టం మీద నేను సున్నం కొట్టానేమో.

"ఇప్పుడు కడిగేద్దామా? ఎవరూ చూడలేదు" అంది గ్రేసు కాసేపటికి.

"దొంగపని చేయను. చేసింది నేను, చెప్పేదీ నేనే. పద ఆవిడింటికి" అన్నాను.

"రెండింటికి రమ్మంది."

"తప్పుకి టైమేంటే?"

పన్నెండింటికి డోరతీ గారి ఇంటి తలుపు తట్టాం. ఊరి చివర చెక్క ఇల్లు. ఆవిడ పొడుగ్గా, ఎండుకట్టెలాగా ఉంది. మగవాళ్ల చొక్కా వేసుకుంది. నేను తెలుగులో చెప్పాను, గ్రేసు ఇంగ్లీషులో చెప్పింది. ఆవిడ మేకుకి తగిలించిన తాళాలు తీసుకుని, ట్రక్కు ఎక్కి, మమ్మల్నీ ఎక్కమని తల ఊపింది. మళ్లీ అదే దొడ్డి. ఆవిడ రాయి ముందు నిలబడి, బంతిపూలు చూసి, తడిసి ముద్దయిన నా చీరె కొంగు చూసింది.

"ఎందుకు చేశావని అడుగుతోంది" అంది గ్రేసు.

"ఇవాళ పోయినవాళ్ల రోజు. మా ఊళ్లో ఏ సమాధీ ఒంటరిగా ఉండకూడదు. ఆయన దగ్గరికి ఎవరూ రాలేదు, అందుకని చేశానని చెప్పు. ఆయన మునిమనవరాలు ఇదే ఊళ్లో ఉండి కూడా రాలేదనీ చెప్పు."

"అమ్మమ్మా, అది చెప్పను."

"చెప్పు."

చెప్పింది. డోరతీ గారి మొహం ఎర్రబడింది. చాలాసేపు మాట్లాడింది. గ్రేసు తెలుగులోకి మార్చిన దాన్ని బట్టి నాకు తెలిసింది ఇదీ. ఎజ్రా గారు చనిపోతూ తనకి రాయి వద్దన్నారు. గుర్తు పెట్టొద్దు, గడ్డిలో వదిలేయండి అన్నారు. ఇంట్లోవాళ్లు అలాగే చేశారు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకి ఊరి పెద్దలు గవర్నమెంటుకి రాసి, సిపాయిలకిచ్చే ఈ చలవరాయి తెప్పించి పాతారు. కుటుంబం వద్దన్నా వినలేదు. అప్పట్నించీ ఆ ఇంటివాళ్లు రాయిని ముట్టుకోరు, దాని దగ్గరికి రారు. పాచి పట్టనివ్వండి, అరిగిపోనివ్వండి, ఆయన అడిగింది అదే కదా అని ఊరుకున్నారు. మూడు తరాలుగా రాకపోవడమే వాళ్లు ఆయనకి ఇచ్చే మర్యాద.

నేను చేసిందేమిటంటే, ఎవరికీ కనపడకూడదని ఆయన కోరుకున్నదాన్ని రోడ్డు మీదకి కనపడేలా తెల్లగా చేసి పెట్టాను.

రాకపోతే నిర్లక్ష్యమనుకున్నాను, అది భక్తి. చేస్తే పుణ్యమనుకున్నాను, అది అపచారం. నేను నిలబడ్డ చోటే నిలబడి, "క్షమించమని చెప్పు" అన్నాను. నేను ఆ మాట చివరిసారి ఎప్పుడు అన్నానో సుగుణ కూడా చెప్పలేదు.

డోరతీ గారు నన్ను ఒక ప్రశ్న అడిగింది. మా దేశంలో రాయి వద్దంటే పెట్టరా అని.

"వద్దన్నా పెడతారు. పోయినవాళ్ల మాట వినేదెవరు? అన్నదమ్ములు పేరు కోసం ఇంకా పెద్దది పెడతారు" అన్నాను.

గ్రేసు చెప్పగానే ఆవిడ ఫక్కుమని నవ్వింది. నవ్వాక ట్రక్కులోంచి రెండు డబ్బాల నీళ్లు, పాత తువ్వాళ్లు తీసింది. సబ్బు వద్దు, గట్టి బ్రష్షు వద్దు, ఉత్త నీళ్లతో నెమ్మదిగా అంది. ముగ్గురం మోకాళ్ల మీద కూర్చుని కడిగాం. చలికి సున్నం ఇంకా గట్టిపడలేదు, వచ్చేసింది. రామోన్ మా వంక చూసి, ఏమీ అడక్కుండా ఇంకో రెండు డబ్బాల నీళ్లు మోసుకొచ్చి పెట్టి పోయాడు. పొద్దున్న పూయడానికి సున్నమిచ్చి, మధ్యాహ్నం కడగడానికి నీళ్లిచ్చాడు. మా ముగ్గురి గురించి ఏమనుకున్నాడో!

రెండూ నలభైకి పని అయింది. రాయి మీదిదంతా పోయింది గానీ అక్షరాల గాడుల్లో మాత్రం సున్నం ఉండిపోయింది. అరిగిపోయిన పేరు ఇప్పుడు తెల్లగా, ఒక్క అక్షరం తప్పిపోకుండా చదవొస్తోంది. నేను పుల్లతో గీకబోతే డోరతీ గారు నా చెయ్యి పట్టుకుంది. "వదిలేయ్, వానకి పోతుంది" అందంట.

మేము చెప్పుకున్న గంటలో నలభై నిమిషాలు అప్పటికే అయిపోయాయి. గ్రేసు డైరీ మాట ఎత్తలేదు. తువ్వాళ్లు మడత పెడుతోంది. డోరతీ గారే, "లోపలికి రండి, చేతులు వెచ్చబెట్టుకోండి" అని ఇంటికి తీసుకెళ్లింది.

వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాం. కాఫీ ఇచ్చింది, కషాయంలాగా ఉంది, తాగేశాను. బీరువాలోంచి పిండి డబ్బా తీసింది. అందులో గుడ్డలో చుట్టిన పుస్తకం, నా అరచేతి కన్నా కాస్త పెద్దది. ఆవిడ దాన్ని గ్రేసు చేతికివ్వలేదు. "నేను చదువుతాను. నువ్వు విను. రాసుకో. ఫోటో తీయకు" అంది. చదవడం మొదలుపెట్టింది.

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. గోడ గడియారం చూశాను, గ్రేసు పెన్ను చూశాను. మూడింపావు దాకా ఆ పెన్ను గుర్రంలాగా పరిగెత్తింది. అప్పుడు డోరతీ గారు చదవడం ఆపింది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ ఆగింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. పుస్తకాన్ని బల్ల మీద తిప్పి, గ్రేసు ముందుకి తోసింది.

గ్రేసు దాన్ని వెంటనే ముట్టుకోలేదు. ముందు చేతులు ఒళ్లో తుడుచుకుంది. తర్వాత చదివింది. పెన్ను కదల్లేదు. ఆ పేజీ, తర్వాతి పేజీ, ఆ తర్వాతిది. ఏమైందే అని నేను అడిగితే తల అడ్డంగా ఊపింది. డోరతీ గారు కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఇద్దరూ ఒకే మాట విన్నవాళ్లలాగా ఉన్నారు, నేను మధ్యలో కాఫీ గ్లాసు పట్టుకుని చెవిటిదానిలాగా కూర్చున్నాను.

ఐదింటికి లేచాం. గుమ్మం దగ్గర డోరతీ గారు గ్రేసుతో, "అంతా రాసేయ్. గుర్రాలదీ రాయి. విగ్రహం పెట్టేలోపు రాయి. కానీ ఆ సమాధి ఎక్కడుందో మాత్రం రాయకు, ఆయన్ని వెతుక్కుంటూ జనం రావద్దు" అందంట. అందుకే పై పేజీల్లో నేను ఊరి పేరు రాయలేదు. చదివి అక్కడికి వెళ్దామనుకున్నవాళ్లు ఏమీ అనుకోకండి. బస్సు, మోటెల్ సంగతులు మరో ఊరికైనా పనికొస్తాయి.

మూడో తారీఖు, ఆదివారం. ఆరాధన తప్పిపోయిందని బాధగా ఉన్నా, ఏడింటికే గదిలో ప్రార్థన చేసుకుని బయల్దేరాం. తొమ్మిదిన్నరకి తిరుగు బస్సు. పత్తి చేలు వచ్చాక నేనే అడిగాను, ఆ పేజీల్లో ఏముందని. అది తెలుగులో మాటలు వెతుక్కుంటూ చెప్పింది.

ఎజ్రా గారు దళంలో ఉన్నప్పుడు ఒక తెల్లవారుజామున అక్కడి మూలవాసుల గుడారాల మీద పడ్డారు. మనుషులు చాలామంది కొండ చరియల్లోకి పారిపోయారు. గుర్రాలు మిగిలిపోయాయి. అవి ఉంటే వాళ్లు మళ్లీ లేస్తారని, గుర్రాలన్నిటినీ కాల్చేయమని పైనుంచి హుకుం. రోజంతా కాల్చారు. తాడు పట్టుకుని ఒక్కొక్కదాన్నీ తీసుకొచ్చే పని ఎజ్రా గారిది. అవి తల ఊపుతూ ఆయన వెంట వచ్చాయని రాశాడంట.

తర్వాత కొన్నేళ్లకి కొలువు వదిలి, భూమి దున్నుకుందామని కాపురానికి వచ్చింది అదే చోటుకి. మొదటి ఏడు వాన లేదు, పంట లేదు. చలికాలం, ఇద్దరు పసిబిడ్డలు. ఆ రోజుల్లో ఎముకలు కొనేవాళ్లుండేవాళ్లు, ఎరువు చేయడానికి. ఆయన బండి తోలుకుని ఆ గుర్రాల ఎముకలు ఏరి, బండ్లకెత్తి అమ్మాడు. ఆ వచ్చినదాంతో జొన్నలు కొన్నాడు, విత్తనాలు కొన్నాడు, బావి తవ్వించాడు. ఆ బావి చుట్టూ ఊరు లేచింది. ఆ తర్వాత ఎప్పుడూ గుర్రం పెంచలేదు, ఎక్కలేదు. ఎద్దులతో దున్నాడు, ఎంత దూరమైనా నడిచే వెళ్లాడు. వాటికి లేని గుర్తు నాకెందుకు అని చివరి పేజీలో రాశాడు.

గుర్రం ముట్టని మనిషికి గుర్రం మీద విగ్రహం. ఒంటి చేత్తో దండుని ఆపాడని టోపీ ఆయన చెప్పింది, లాడాలు కొట్టాడని స్వెట్టరావిడ చెప్పింది, ఇదీ అసలు సంగతి.

"అమ్మమ్మా, నేనిది ఎలా రాయాలి? హీరో అనా, బ్యాడ్ పర్సన్ అనా? నాకేం తెలియట్లేదు" అంది గ్రేసు.

"ఆ జొన్నలు పిల్లలు తిన్నారా?"

"తిన్నారు. అందులో చిన్న బేబీ డోరతీ గారి గ్రాండ్‌మా."

"ఐతే అది రాయి. గుర్రాల్ని తాడు పట్టి నడిపించిందీ రాయి. రెండూ పక్కపక్కన పెట్టు. నువ్వు మధ్యలో దూరి తీర్పు చెప్పకు."

గ్రేసు నోటుబుక్కు తెరిచి రాసుకోవడం మొదలుపెట్టింది. సాయంత్రం ఆరున్నరకి డాలస్‌లో దిగేదాకా తలెత్తలేదు. సుగుణ కారు దగ్గర నిలబడి, "ఏం చూశారమ్మా?" అంది. "పత్తి బాగా పండింది" అన్నాను.

ఈ మూడు రోజుల్లో నాకు తేలిందేమైనా ఉందా అంటే, లేదు. ఆ రాయిని నల్లగా వదిలేయాల్సిందో, ఒక పూత వేయాల్సిందో ఇవాళ్టికీ తెలియదు. కానీ పిల్లకి అంత గట్టిగా రెండూ రాయమని చెప్పి, నేను ఒకటే రాసి ఊరుకోవడం న్యాయం కాదు.

మా ఆయన పోయిన ఏడు మా ఇంట్లో ఒక పాడి గేదె ఉండేది. తొమ్మిదేళ్లు దాని పాలతోనే బతికాం. ఒట్టిపోయింది. సుగుణ నర్సింగు ఫీజు కట్టే గడువు దగ్గరపడింది. ఏలూరు నుంచి మేపుకునేవాళ్లొచ్చి కొన్నారని సుగుణకి చెప్పాను. వచ్చింది కబేళా వాళ్లు. అది పరాయివాళ్ల వెంట కదలనంటే, తాడు పట్టుకుని రోడ్డు మీద లారీ దాకా నడిపించింది నేనే. తల ఊపుతూ నా వెంట వచ్చింది.

సుగుణ ఈ పత్రిక ప్రతి నెలా చదువుతుంది.